మొదటిసారి విదేశంలో కారు నడపబోతున్నాను: పోర్చుగల్ దక్షిణ తీరం, అమ్మతో ఏడు రోజులు

తెనాలి ఆడపడుచు

అందరికీ నమస్కారం. మే రెండో వారంలో పోర్చుగల్ వెళ్తున్నాం. నేను, మావారు, ఎనిమిదేళ్ల మా బాబు, మా అమ్మ. లిస్బన్‌లో రెండు రోజులుండి, అక్కణ్ణుంచి దక్షిణాన అల్గార్వ్ తీరానికి దిగి ఏడు రోజులు కారులో తిరగాలని అనుకుంటున్నాం. వీసా కోసం పెట్టిన హోటళ్లన్నీ డబ్బు వాపసు వచ్చేవే, కాబట్టి ఊళ్లు మార్చుకోవడానికి ఇంకా వీలుంది.

కారు నడిపేది నేనే. మావారికి డ్రైవింగ్ రాదు. హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా నడుపుతున్నాను. ఏటా నాలుగైదుసార్లు తెనాలి కూడా నేనే నడుపుకుంటూ వెళ్లొస్తాను. కాబట్టి డ్రైవింగ్ అంటే భయం లేదు. కానీ అక్కడ రోడ్డుకి కుడివైపు నడపాలి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. అది తలుచుకుంటేనే టెన్షన్. రాత్రి పడుకున్నాక కళ్లు మూసుకుని, ఎడమకి తిరగాలంటే ఎటు చూడాలి, ఏ లైన్‌లోకి వెళ్లాలి అని లెక్కలు వేసుకుంటున్నాను.

ఇప్పటికి రాసుకున్న ప్లాన్ ఇది. లిస్బన్‌లో కారు తీసుకుని ఫారో, తర్వాత తవీరా, అల్బుఫెయిరా, కర్వొయెయిరు, లాగోస్, సాగ్రెస్, చివరికి అల్జెజూర్. రోజుకో ఊరు, రోజుకో హోటల్. దారంతా సముద్రం పక్కనే పోతూ, నచ్చిన చోట ఆగుతూ వెళ్లాలని ఆశ.

అమ్మకి 64 ఏళ్లు. మోకాళ్ల నొప్పి. చదునుగా ఉంటే అరగంట నడుస్తుంది, మెట్లు మాత్రం కష్టం. శాకాహారి, గుడ్డు కూడా తినదు. నాన్న ఉన్నప్పుడు ఏటా కార్తీక మాసంలో సూర్యలంక తీసుకెళ్లేవారు, ఇద్దరూ సముద్ర స్నానం చేసి వచ్చేవాళ్లు. ఆయన పోయి మూడేళ్లయింది. ఆ తర్వాత అమ్మ మళ్లీ సముద్రం దగ్గరికి రాలేదు. ఎంత పిలిచినా 'ఇంకోసారి వెళ్దాంలే' అంటుంది. ఈసారి మాత్రం ఒప్పుకుంది. అందుకే ఈ ప్రయాణం బాగా జరగాలని నాకు చాలా ఉంది.

వెళ్లొచ్చిన వాళ్లు చెప్పండి. ఈ ప్లాన్ అవుతుందా? కుడివైపు డ్రైవింగ్ ఎన్ని రోజులకి అలవాటవుతుంది? అమ్మకి తిండి సంగతి ఏం చేయాలి?

---

లిస్బన్‌లో ఒక తెలుగోడు

అక్కా, నేను లిస్బన్‌లో నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. తీరం గురించి వేరేవాళ్లు చెప్తారు, నేను కాగితాల సంగతి చెప్తాను.

మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తప్పకుండా తెచ్చుకోండి. పరివాహన్ సైట్‌లో అప్లై చేసి ఆర్టీఏ ఆఫీసులో తీసుకోవాలి. ఫీజు వెయ్యి రూపాయలు, ఏడాది పాటు పనికొస్తుంది. పాస్‌పోర్టు, వీసా కాపీలు అడుగుతారు కాబట్టి వీసా చేతికి రాగానే ఆ పని పెట్టుకోండి. ఇక్కడ కారు ఇచ్చేటప్పుడు పర్మిట్ ఒక్కటే చూపిస్తే సరిపోదు, అసలు లైసెన్స్ కార్డు కూడా చేతిలో ఉండాలి.

క్రెడిట్ కార్డు మీ పేరు మీదే ఉండాలి. ఎవరు నడుపుతారో వాళ్ల పేరు మీద కార్డు ఉండాలంటారు. మీవారి కార్డు ఇస్తానంటే కౌంటర్ దగ్గర కుదరదు. డెబిట్ కార్డు చాలాచోట్ల తీసుకోరు. డిపాజిట్‌గా పెద్ద మొత్తమే ఆపేస్తారు, కాబట్టి కార్డు లిమిట్ ముందే చూసుకోండి.

నా మాట వింటే లిస్బన్‌లో కారు తీసుకోవద్దు. ఈ ఊళ్లో ట్రాములు, ఏటవాలు సందులు, వన్‌వేలు. మొదటిసారి కుడివైపు నడిపేవాళ్లు నేర్చుకునే చోటు కాదు. ఇక్కణ్ణుంచి ఫారోకి రైలుంది, మూడు గంటలు పడుతుంది. అమ్మగారు కూడా హాయిగా కూర్చుని వస్తారు. ఫారోలో దిగి అక్కడ కారు తీసుకోండి. ఫారో ఎయిర్‌పోర్టు దగ్గర రోడ్లు వెడల్పుగా, ఖాళీగా ఉంటాయి.

టోల్ గురించి పాత సమాచారం చాలా కనిపిస్తుంది, నమ్మొద్దు. అల్గార్వ్ పొడవునా వెళ్లే ఏ22 హైవే మీద ఇదివరకు కెమెరాలతో టోల్ తీసేవాళ్లు, బయటి నుంచి వచ్చినవాళ్లు ఎలా కట్టాలో తెలియక ఇబ్బంది పడేవాళ్లు. 2025 జనవరి 1 నుంచి ఆ రోడ్డు మీద టోల్ ఎత్తేశారు. లిస్బన్ నుంచి దిగే ఏ2 మీద మాత్రం ఇంకా ఉంది.

ఇంకొక్కటి గుర్తుపెట్టుకోండి, ఇది తప్పితే ట్రిప్ అంతా పాడవుతుంది. పెట్రోల్ బంకులో 'గజోలియు' అని రాసి ఉన్నది డీజిల్. పేరు చూసి గ్యాసోలిన్ అనుకుని పెట్రోల్ కారులో కొట్టించేసే ప్రమాదం ఉంది. పెట్రోల్ కావాలంటే 'గజోలీనా' అని ఉన్నది. కారు ట్యాంకు మూత లోపల గుర్తు కూడా ఉంటుంది, పెట్రోల్‌కి గుండ్రటి బొమ్మ, డీజిల్‌కి చదరం. బంకులో చాలాచోట్ల మనమే కొట్టుకోవాలి, కాబట్టి మూత తీసి ఆ బొమ్మ చూశాకే గన్ అందుకోండి.

---

భీమిలి బీచ్ రోడ్

అమ్మా, మీ పోస్ట్ చదివి నిన్న రాత్రే రాయాలనుకున్నాను, ఆఫీసు పని తెమలలేదు. మేము పోయిన ఏడాది మే నెలలోనే వెళ్లొచ్చాం. నేను, మా ఆవిడ, మా అమ్మా నాన్నా. నాన్నకి 70. మాది కూడా మీలాగే మొదటిసారి.

ముందు మీ ప్లాన్ గురించి. సముద్రం పక్కనే పోతూ ఉండే రోడ్డు అని మీరు అనుకుంటున్నారు చూడండి, నేనూ అదే అనుకున్నాను. మా విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా కారు కిటికీలోంచి సముద్రం చూస్తూ పోతాం కదా, అక్కడా అలాగే ఉంటుందని. అలా ఉండదు. అక్కడ రెండు పెద్ద రోడ్లు, ఏ22 హైవే ఒకటి, పాత ఎన్125 ఇంకొకటి. రెండూ తీరానికి సమాంతరంగా పోతాయి గానీ కాస్త లోపలికి ఉంటాయి. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే మన నేషనల్ హైవే 16 లాగా. ఒంగోలు నుంచి విజయవాడ దాకా కోస్తా జిల్లాల మీదుగానే వస్తాం, సముద్రం మాత్రం ఒక్క చోట కూడా కనిపించదు. సూర్యలంక చూడాలంటే బాపట్ల వైపు తిరగాలి, ఓడరేవు చూడాలంటే చీరాల వైపు తిరగాలి, చూసి మళ్లీ వెనక్కి రావాలి. అల్గార్వ్ అచ్చంగా అంతే. దువ్వెన పళ్లలాగా ప్రతి బీచ్‌కీ ఒక చిన్న రోడ్డు కిందికి దిగుతుంది, అక్కడ కారు ఆపాలి, చూడాలి, తిరిగి ఎక్కి రావాలి.

అందుకని రోజుకో ఊరు పెట్టుకుంటే ఏమవుతుందంటే, పొద్దున పెట్టెలు సర్దడం, మధ్యాహ్నం హైవే, సాయంత్రం కొత్త ఊళ్లో పార్కింగ్ వెతుక్కోవడం. సముద్రం చూసేది గంట. మేము మొదటి రెండు రోజులు అలాగే చేశాం. రెండో రోజు సాయంత్రం మా అమ్మ మంచం మీద కూర్చుని 'ఇక్కడే ఉండిపోదాంరా, నాకు ఇక పెట్టె తెరిచి మూసే ఓపిక లేదు' అంది. మిగతా హోటళ్లు కేన్సిల్ చేసేశాను. అది ఆ ట్రిప్‌లో నేను చేసిన మంచి పని.

మీరు రెండే చోట్ల ఉండండి. తూర్పున తవీరాలో మూడు రాత్రులు, పడమర లాగోస్‌లో నాలుగు. ఫారో నుంచి తవీరా నలభై కిలోమీటర్ల లోపే. తవీరా నుంచి లాగోస్ ఏ22 మీద గంటంబావు. వంటగది ఉన్న ఇల్లు తీసుకోండి, కింది అంతస్తులో గానీ లిఫ్ట్ ఉన్నచోట గానీ. పాత ఇళ్లలో లిఫ్ట్ ఉండదు, బుక్ చేసే ముందు అడగాల్సిందే.

ఇక డ్రైవింగ్. టెన్షన్ పడకండి అని ఊరికే చెప్పను, ఎక్కడ జాగ్రత్త పడాలో చెప్తాను.

ఆటోమేటిక్ కారు తీసుకోండి. ఖర్చు ఎక్కువ, అక్కడ మాన్యువల్ కార్లే ఎక్కువ కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. కానీ కుడిచేత్తో గేర్ వేయడం అనే బెంగ ఒకటి తగ్గిపోతుంది. మన మారుతీ, హ్యుందాయ్‌లలో ఇండికేటర్ కుడిచేతి వైపు ఉంటుంది కదా, అక్కడ ఎడమచేతి వైపు. మొదటి రోజు మలుపు దగ్గర ఇండికేటర్ అనుకుని లాగితే వైపర్లు ఆడతాయి. కంగారు పడొద్దు. ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లోనే పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిప్పండి, చేతికి కాస్త తెలుస్తుంది.

ఒక్క సూత్రం పెట్టుకున్నాను. నా భుజం ఎప్పుడూ రోడ్డు మధ్య గీత పక్కనే ఉండాలి. మన దగ్గరా డ్రైవర్ కూర్చునేది మధ్య గీత వైపే, అక్కడా అంతే. దేశం మారినా ఇది మారదు. కుడికి తిరగడం చిన్న మలుపు, ఎడమకి తిరగడం ఎదుటి బండ్లు దాటి వెళ్లే పెద్ద మలుపు. రౌండబౌట్లు చాలా ఉంటాయి, అపసవ్య దిశలో తిరగాలి, లోపల తిరుగుతున్న బండికే ముందు దారి. అంటే ఆగి ఎడమవైపు చూడాలి, ఖాళీ దొరికాక లోపలికి వెళ్లాలి. మన సందు తప్పిపోతే ఇంకో చుట్టు తిరగండి, ఎవరూ ఏమీ అనరు.

కొత్తలో తెలియకుండా కారు కుడివైపుకి జరిగిపోతుంది. మన ఎడమ పక్క ఎంత ఉందో కళ్లకి అలవాటే, కానీ కుడి పక్క అంత కారు ఉందని ఒళ్లు మర్చిపోతుంది. మా ఆవిడ ముందు సీట్లో కూర్చుని 'దగ్గరవుతోంది' అని చెప్తూ ఉండేది. మీవారికి ఆ పని అప్పగించండి. మ్యాప్ కూడా ఆయన చేతిలోనే ఉండాలి.

నాకు తప్పు జరిగింది రద్దీలో కాదు. రద్దీలో ముందు బండి వెనకాల పోతే చాలు. మూడో రోజు పొద్దున ఏడింటికి, రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. ఇంటి గేటులోంచి బయటికి వచ్చి అలవాటు కొద్దీ ఎడమ పక్కకి ఎక్కించేశాను. వెనక సీట్లోంచి అమ్మే 'అటు కాదురా, ఇటు' అంది. ఎదురుగా ఎవరూ రాలేదు, అదృష్టం. ఆ రోజు నుంచి గేటు దాటినా, బంకులోంచి బయటికి వచ్చినా, పార్కింగ్‌లోంచి కదిలినా, కదిలే ముందు అమ్మ 'కుడి' అని చెప్పేది. నేను కూడా పైకి 'కుడి' అనేవాణ్ణి, అప్పుడే బ్రేకు వదిలేవాణ్ణి. మీ అమ్మగారికి కూడా ఈ పని ఇవ్వండి. మీకు పనికొస్తుంది, ఆవిడకీ ప్రయాణంలో చెయ్యి ఉన్నట్టు ఉంటుంది.

పాత ఊళ్లలోకి కారు తీసుకెళ్లొద్దు. ఇది గట్టిగా చెప్తున్నాను. సిల్వెస్ అని లోపలికి ఒక ఊరుంది, ఎర్రరాతి కోట, అరబ్బులు ఏలిన కాలంలో ఆ ప్రాంతానికి పెద్ద పట్నం. 'అల్గార్వ్' అన్న మాట కూడా 'పడమర' అనే అరబ్బీ మాట నుంచే వచ్చిందట. అక్కడ ఫోన్ చెప్పిన దారిలో పోయి కోట కింద సందులో ఇరుక్కున్నాను. ఎంత ఇరుకంటే తలుపు తీసి దిగడానికి కూడా లేదు. ముందుకి వెళ్తే మెట్లు. అద్దాలు మడిచేశాను, ఒళ్లంతా చెమటలు. పక్కింట్లోంచి ఒక ముసలావిడ వచ్చింది. ఏప్రాన్ కట్టుకుని, చేతికి ఇంకా పిండి ఉంది. మమ్మల్ని ఒక్కసారి చూసి, తన గుమ్మం ముందున్న పూలకుండీలు ఒక్కొక్కటీ లోపల పెట్టింది. తర్వాత కారు వెనకాల నిలబడి రెండు చేతులతో సైగ చేస్తూ 'దెవగార్, దెవగార్' అంటూ వెనక్కి నడిచింది. నెమ్మదిగా అని అర్థం. నలభై అడుగులు వెనక్కి రావడానికి పావుగంట పట్టింది. బయటపడ్డాక మా అమ్మ దిగి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది, ఒకరి మాట ఒకరికి తెలియదు. కుడి అద్దం మీద గీత పడింది, దానికి కారు ఇచ్చిన సంస్థ తర్వాత 140 యూరోలు కట్ చేసింది. ఆ గీత నా వల్లే పడింది కాబట్టి ఇచ్చాను. కానీ తలుపు మీద పాత గీత ఒకటి కూడా మా ఖాతాలో రాయబోయారు. కారు తీసుకున్న రోజు చుట్టూ తిరిగి వీడియో తీశాను కాబట్టి ఆగింది. మీరు కూడా చక్రాల అంచులతో సహా వీడియో తీయండి, వెలుతురులో.

ఊరి బయట పార్కింగ్ ఉంటుంది, అక్కడ ఆపి నడవండి. అమ్మగారిని ముందు కూడలి దగ్గర దింపి మీరు కారు ఆపుకుని రావచ్చు.

అమ్మగారి మోకాళ్లకి సరిపడేవి చెప్తాను. తవీరా దగ్గర బర్రిల్ బీచ్. అది తీరానికి ఎదురుగా ఉన్న ఇసుక దీవి. కాలువ మీద వంతెన దాటాక చిన్న రైలు ఉంటుంది, పిల్లల రైలులాగా, బురద నేలల మీదుగా బీచ్ దాకా తీసుకెళ్తుంది. మెట్లు లేవు. అక్కడ ఇసుకలో వందకి పైగా పెద్ద పెద్ద లంగర్లు వరసగా పాతి ఉంటాయి. ఒకప్పుడు అది ట్యూనా చేపలు పట్టేవాళ్ల ఊరు, వలలకి కట్టిన లంగర్లు అవి. చేపలు రావడం తగ్గి పని ఆగిపోయాక అక్కడే వదిలేశారు. మా నాన్న విశాఖ పోర్టులో ముప్పై ఏళ్లు పనిచేశారు. ఒక లంగరు పక్కన చతికిలబడి దాని మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉండిపోయారు. లేచేసరికి చేతి నిండా తుప్పు. కడుక్కోమని అమ్మ నీళ్ల సీసా ఇస్తే 'ఉండనీ' అన్నారు. ఆ మధ్యాహ్నం మేము ఇంకెక్కడికీ వెళ్లలేదు.

లాగోస్‌లో మెయియా ప్రాయా చదునుగా ఉండే పొడవాటి బీచ్. పోంతా ద పియెదాద్ కొండరాళ్లు చాలా అందంగా ఉంటాయి, కిందికి దిగాలంటే మెట్లు ఎక్కువ, కానీ పైన చెక్కబాట వేశారు, అమ్మగారు అక్కణ్ణుంచి చూడొచ్చు. మోన్షీక్ కొండల మీద ఫోయా శిఖరం 902 మీటర్లు, కారు పై దాకా వెళ్తుంది. పచ్చటి రోడ్డు, దారిలో నారింజ పళ్లు అమ్ముతారు. వాళ్లు నారింజని 'లరాంజా' అంటారు, వినగానే మా అమ్మకి అర్థమైపోయింది.

ఒక హెచ్చరిక. బీచ్‌లో కొండ గోడకి ఆనుకుని నీడలో కూర్చోవద్దు, బాబుని కూడా వెళ్లనివ్వొద్దు. ఆ రాయి మెత్తన, ఉన్నట్టుండి విరిగిపడుతుంది. 2009 ఆగస్టులో అల్బుఫెయిరా దగ్గర ఒక బీచ్‌లో అలా కూలి ఐదుగురు చనిపోయారు. బోర్డులు పెట్టారు, అయినా జనం నీడ కోసం అక్కడే కూర్చుంటారు. గొడుగు కొనుక్కోండి.

---

ఉలవచారు

నాది వేరే అభిప్రాయం. అంత దూరం వెళ్లి రెండు ఊళ్లలోనే కూర్చుంటారా? ఫారో నుంచి స్పెయిన్‌లోని సెవిల్ రెండు గంటల పైచిలుకు అంతే, రెండు వందల కిలోమీటర్లు. ఒక రోజు వెళ్లొచ్చేయొచ్చు. బెనజిల్ గుహ కూడా పెట్టుకోండి, పైకప్పులో గుండ్రటి కన్నంలోంచి ఎండ పడుతుంది చూడండి, అది చూడకపోతే అల్గార్వ్ చూసినట్టు కాదు. మళ్లీ మళ్లీ వెళ్లే చోటు కాదు కదా.

---

భీమిలి బీచ్ రోడ్

ఉలవచారు గారూ, మీరు చెప్పింది కుర్రాళ్లు నలుగురు వెళ్తే నిజమే. ఇక్కడ డ్రైవర్ ఒక్కరే. రాను రెండున్నర, పోను రెండున్నర, సెవిల్‌లో మే నెల ఎండ, పాత ఊళ్లో నడక. తిరిగి వచ్చేది చీకట్లో. పైగా కారు దేశం దాటించాలంటే ముందే చెప్పి ఒప్పించుకోవాలి, దానికి వేరే డబ్బు. అలసిపోయిన మనిషి చేతే తప్పు జరుగుతుంది. ఆవిడకి బలవంతం చేయొద్దనే నా మాట.

బెనజిల్ సంగతి మాత్రం మంచిది. ఇప్పుడు నిబంధనలు మారాయి, గుహ లోపలి ఇసుకలో దిగనివ్వరు, ఈదుకుంటూ పోవడం కూడా నిషేధం. పడవలోంచి చూసి రావడమే. అమ్మగారు ఎక్కాలంటే ఇసుక మీద నుంచి ఎక్కించే చిన్న పడవలు వద్దు, పోర్టిమావ్‌లో జెట్టీ నుంచి బయల్దేరే పెద్ద పడవ చూసుకోండి. అలలు ఎక్కువగా ఉంటే ఆ రోజు మానేయండి.

---

తెనాలి ఆడపడుచు

అందరికీ చాలా థాంక్స్. భీమిలి గారూ, మీ పోస్ట్ అమ్మకి చదివి వినిపించాను. 'కుడి' చెప్పే పని తనదే అని ఇప్పుడే అంటోంది. నిన్న కూకట్‌పల్లి వెళ్తుంటే కూడా గేటు దగ్గర 'ఎడమ' అని చెప్పింది. లిస్బన్ నుంచి రైలు అని ఖాయం చేశాం. తవీరా మూడు, లాగోస్ నాలుగు.

రెండు మాటలు అడగాలి. తిండి గురించి మీరు ఏం చేశారు? ఇంకోటి, అమ్మ నీళ్లలో దిగాలనుకుంటోంది. స్నానం కాకపోయినా మోకాళ్ల దాకా. ఆ నీళ్లు చల్లగా ఉంటాయని ఎక్కడో చదివాను, దిగొచ్చా?

---

భీమిలి బీచ్ రోడ్

చాలా సంతోషం అమ్మా.

తిండి తేలికే. కందిపొడి, ఆవకాయ, చింతపండు, ఇంగువ పెట్టెలో వేసుకోండి, చెక్-ఇన్‌లో. ఆవకాయ సీసాని రెండు కవర్లలో కట్టి బట్టల మధ్య పెట్టాలి. నెయ్యి, పాలకోవా, పాలతో చేసినవేవీ తీసుకెళ్లొద్దు, యూరప్‌లోకి బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు, ఎండబెట్టి పొడి చేసుకోండి. బియ్యం, పప్పులు, పెరుగు, కూరగాయలు అక్కడ ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతాయి. తియ్యనిది కాకుండా మామూలు పెరుగు కావాలంటే డబ్బా మీద 'నతురాల్' అని చూడండి. పొద్దున అన్నం వండి డబ్బాలో పెట్టుకుని బయల్దేరితే మధ్యాహ్నం ఎక్కడ ఆగినా సరే.

బయట తినాల్సి వస్తే 'సెం కార్న్, సెం పెయిష్, సెం ఓవు' అని చెప్పాలి. మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు అని. పచ్చటి ఆకుకూర సూప్ ఒకటి ప్రతి చోటా ఉంటుంది, అందులో మాంసం ముక్క వేస్తారు, చూడ్డానికి తెలియదు. అడిగాకే తీసుకోండి. అందరూ తినే కస్టర్డ్ టార్ట్‌లో గుడ్డు ఉంటుంది, అమ్మగారికి ముందే చెప్పండి.

తవీరాలో మా ఇంటి ఓనరమ్మ గది చూపిస్తూ 'తువాల్యా' అని బీరువా వైపు చెయ్యి చూపింది. మా అమ్మ 'తువ్వాళ్లేనా?' అని వెళ్లి తీసింది, తువ్వాళ్లే. తువ్వాలు, బొత్తాం, అలమరా, మేస్త్రి, ఇవన్నీ పోర్చుగీసు వాళ్లతో మన దగ్గరికి వచ్చిన మాటలే. మిరపకాయ కూడా వాళ్ల ఓడల్లోనే వచ్చింది. ఆ విషయం నాన్న చెప్తే అమ్మ నమ్మలేదు, గుంటూరులో పుట్టిందే కదా మిరప అంది. ఆ తర్వాత ఓనరమ్మతో రోజూ ఒక్కో వస్తువు చూపించి పేరు అడిగేది. మీ అమ్మగారికి కూడా అలా ఒక తోడు దొరికితే బాగుంటుంది.

నీళ్ల సంగతి. అట్లాంటిక్ కదా, మన బంగాళాఖాతంలాగా గోరువెచ్చగా ఉండదు. సాగ్రెస్ వైపు అయితే మే నెలలో కాళ్లు జివ్వుమంటాయి, గాలి కూడా విపరీతం. అక్కడ సెయింట్ విన్సెంట్ అగ్రం దగ్గర లైట్‌హౌస్ చూడండి, యూరప్ ఖండానికి నైరుతి మూల అదే. కానీ అమ్మగారికి చెవులు కప్పే టోపీ, మందమైన స్వెటర్ ఉండాలి, శాలువా నిలవదు. నీళ్లలో మాత్రం అక్కడ దించొద్దు.

తూర్పు వైపు కాస్త నయం. తవీరా దగ్గర దీవికి లోపలి వైపున ఉప్పుటేరు ఉంది, అక్కడ అలలు పెద్దగా ఉండవు. అక్కడ పోటుకీ పాటుకీ మధ్య తేడా చాలా ఎక్కువ, పౌర్ణమి అమావాస్యల దగ్గర దాదాపు మూడు మీటర్లు ఉంటుంది. పోటు పాట్ల వేళలు ఫోన్‌లో దొరుకుతాయి, ముందు రోజే చూసుకోండి. పాటు వేళకి వెళ్తే నీళ్లు లోతు లేకుండా, ఎండకి కాస్త వెచ్చబడి ఉంటాయి. అక్కడ అడుగున బురద, గవ్వలు, కాబట్టి కాళ్లకి రబ్బరు చెప్పులు ఉండాలి. మీరు ఒక పక్క, మీవారు ఒక పక్క పట్టుకోండి.

సముద్రం వైపే దిగాలని అమ్మగారు అంటే బర్రిల్‌లోనే, సముద్రం ప్రశాంతంగా ఉన్న రోజు, మధ్యాహ్నం పన్నెండు దాటాక. రైలు దిగిన చోట పాత జాలరి ఇళ్లలో కాఫీ కొట్లు పెట్టారు, బయట నీడలో కుర్చీలు ఉంటాయి. వేడి టీ చెప్పి ఉంచి నీళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. సంచిలో పొడి తువ్వాలు రెండు, మార్చుకోవడానికి చీర ఒకటి పెట్టుకోండి. మోకాళ్ల దాకా అని మొదలుపెట్టి మా అమ్మ నిలువునా తడిసింది.